ధర్మసాగర్ ఫైబర్ బోటుకు మా వాకిట్లో చేత్తో వేసిన రంగు

కిందటేడు సంక్రాంతి వెళ్లాక మా బామ్మర్ది, హన్మకొండ దగ్గర పెద్ద చెరువున్న ధర్మసాగర్ నుంచి వచ్చి, పాలిథిన్ కవర్‌లో తెచ్చిన రంగు పెచ్చులను మా అరుగు మీద కుమ్మరించాడు. "బావా, నిరుడు ఏసిన రంగు ఇది. గోరు పెడితే చాలు, అప్పడం లెక్క లేస్తుంది. జర చూడు" అన్నాడు. వాళ్ల మత్స్య సహకార సంఘంలో నలుగురు కలిసి వాడుకునే ఫైబర్ బోటు అది. 16 అడుగుల పొడవు, నడుమ నాలుగున్నర అడుగుల వెడల్పు, కొని ఎనిమిదేళ్లు. అంతకు ముందు ఏడాది, గేట్లకూ కిటికీలకూ వేసే ఎనామెల్ తెచ్చి వాళ్లే రెండు రోజుల్లో పూసేశారు. ఒక్క వానాకాలం గడిచేసరికి అది బోటును వదిలేసింది.

నేను హన్మకొండలో 18 ఏళ్లుగా కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తున్నాను. ఊడిన రంగు ఎవరు చూపించినా ముందు పెచ్చును బోర్లించి వెనకవైపు చూస్తాను. ఆ కుప్పలో పెచ్చులు రెండు రకాలుగా ఉన్నాయి. కొన్నింటి వెనక తెల్లటి పొడి పట్టి ఉంది. రుద్దితే చాక్‌పీసు పట్టుకున్నట్టు వేలు తెల్లబడింది. మిగతావాటి వెనకవైపు గాజులా మెరుస్తోంది, ఒక్క గీత కూడా లేదు. ఎక్కడెక్కడివని అడిగితే, పొడి పట్టినవి బోటు బయటి గోడలవి, మెరిసేవి లోపలివి అన్నాడు.

రంగు రెండుచోట్లా ఊడింది గానీ కారణం ఒకటి కాదు. ఫైబర్ బోటును అచ్చులో చేస్తారు. అచ్చుకు మైనం రాసి, దాని మీద జెల్‌కోట్ అనే నున్నటి పైపొర వేసి, ఆపైన గ్లాస్ మ్యాట్, అంటే గాజు పోగుల చాప, పరుస్తూ, ఆరితే గట్టిపడే రెజిన్ అనే జిగురుతో తడుపుతూ పొర మీద పొర కడతారు. అంటే బయట కనిపించే నున్నటి పొర అన్నిటికన్నా ముందు పుట్టింది, లోపలి గరుకు పొర చివర పుట్టింది. బయటి జెల్‌కోట్ ఏళ్ల తరబడి ఎండకు కాలి పైపైన పొడిగా మారుతుంది. సున్నం గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుకున్నట్టు చేతికి అంటుతుంది. దాని మీద వేసిన రంగు ఆ పొడిని పట్టుకుంటుంది తప్ప బోటును పట్టుకోదు. లోపలి సంగతి వేరు. పాలిస్టర్ రెజిన్ గాలి తగిలే వైపు పూర్తిగా గట్టిపడదు, జిగట మిగులుతుంది. అందుకే లోపలి చివరి కోటులో కాస్త మైనం కలుపుతారు. రెజిన్ గట్టిపడేటప్పుడు ఆ మైనం పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది. పని అయిపోయాక అక్కడే ఉండిపోతుంది. కంటికి కనపడదు, చేతికి తెలియదు.

మర్నాడు నేను ధర్మసాగర్ వెళ్లి బోటు చూశాను. అనుకున్నట్టే ఉంది. లోపల రోజూ కాళ్లు తగిలే నడిమి భాగంలో ఎనామెల్ అరిగింది గానీ ఊడలేదు, అక్కడి మైనం ఎనిమిదేళ్ల రాపిడికి ఎప్పుడో పోయింది. ఊడిందంతా సీట్ల కింద, పక్క గోడల మీద, అంటే ఎవరి కాలూ పడనిచోట. ఎనామెల్‌ను తిట్టుకుంటున్న సంఘం వాళ్లకు ఇది చూపించాను. ఎనామెల్ ఈ పనికి మంచి రంగు కాదన్నది నిజమే. కానీ ఆ మైనం మీద, ఆ పొడి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఇలాగే లేచేది.

బోటును జనవరి 22న డీసీఎం వ్యాను మీద మా ఇంటికి తెచ్చారు. దింపడానికి ఆరుగురు పట్టారు. వాకిట్లో పాత కారు టైర్ల మీద బోర్లించి పెట్టాం.

స్ప్రే గన్ చేతిలో పెట్టుకుని బతికేవాడివి, రోలరు ఎందుకు పడుతున్నావని మా షాపు కుర్రాళ్లు అడిగారు. పెద్ద కారణం మా వీధే. బోటుకు అనుకున్నది పీయూ (పాలీయురేథేన్) పెయింటు, రెండు భాగాలుగా వస్తుంది. అందులో రంగును గట్టిపరిచే హార్డ్‌నర్ అంటే ఐసోసైనేట్ అనే రసాయనం. గన్‌తో కొడితే అది సన్నటి మంచులా గాల్లో తేలుతుంది, పీల్చితే ఊపిరితిత్తులకు చేటు, కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. రంగు కొట్టే మూసిన గదిలో, అంటే బూత్‌లో అయితే బయటి గాలి పంపే మాస్కు వేసుకుంటాం. ఇక్కడ పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తారు, ఎదురింట్లో నెలల పిల్ల ఉంది. 16 అడుగుల బోటు మా షాపు షెడ్డులో పట్టదు. పైగా మామూలు గన్‌తో సగం దాకా పెయింటు గాల్లోకే పోతుంది. రోలరుతో వేస్తే కొన్నదంతా బోటుకే అంటుతుంది. మెరుపు ఒక వీసం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. వలలు లాగే బోటుకు ఆ వీసం లెక్కలోకి రాదు.

చేత్తో వేసినా వాసన పీల్చకూడదు. గుడ్డ మాస్కు దుమ్మునైనా సరిగ్గా ఆపదు, ఆవిరిని అసలే ఆపదు. రసాయన ఆవిరులకు వాడే కార్ట్‌రిడ్జి మాస్కు పెట్టుకున్నాం. పని అయ్యాక ఆ కార్ట్‌రిడ్జిలను మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టాలి. బయట వేలాడదీస్తే అవి రాత్రంతా గాలిలోని ఆవిరి పీల్చుకుంటూనే ఉంటాయి, త్వరగా పనికిరాకుండా పోతాయి. రంగు వేసే రోజుల్లో మా పిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపేశాం.

ఆరబెట్టడం, గీకడం, పూడ్చడం

ముందు పాత ఎనామెల్ తీయాలి. కారు రేకు మీదైతే పెయింట్ రిమూవర్ రాసి పది నిమిషాల్లో లేపేస్తాం. ఫైబర్ మీద ఆ పని చేయకూడదు, ఆ మందు రంగుతోపాటు జెల్‌కోట్‌ను, కింది రెజిన్‌ను కూడా మెత్తబరుస్తుంది. మంటా పెట్టకూడదు. మూలలు గుండ్రంగా అరగదీసిన స్క్రాపర్‌తో మూడు రోజులు గీకాం. మూలలు అరగదీయకపోతే అది జారిన ప్రతిసారీ జెల్‌కోట్‌లో గాడి పడుతుంది, తర్వాత ఆ గాడిని మనమే పూడ్చుకోవాలి. పెచ్చులు, పొడి అన్నీ కింద పరిచిన టార్పాలిన్ మీదే పడేలా చూసి సంచుల్లోకి ఎత్తాం. ధర్మసాగర్ నీళ్లు ఊరి పొలాలకే కాదు, వరంగల్ ఇళ్లకూ తాగడానికి వస్తాయి. ఆ చెరువు గట్టు మీదే గీకేద్దామని సంఘంలో ఒకరు అన్నప్పుడు నేను ససేమిరా అన్నది అందుకే.

గీకాక అడుగు భాగంలో పెసరగింజంత బొబ్బలు పదిహేను దాకా కనిపించాయి. ఒకదాన్ని సూది మొనతో పొడిచాను. జిగురుగా ఉన్న నీటి చుక్క చిమ్మింది, పుల్లటి వాసన, అచ్చం వెనిగర్‌లా. కళ్లద్దాలు పెట్టుకుని పొడవడం మంచిదైంది. జెల్‌కోట్ గుండా నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి ఇంకి, రెజిన్‌లో మిగిలిన పదార్థాలతో కలిసి అలా ఊరుతుంది. లోపలి ద్రవం చిక్కబడ్డకొద్దీ బయటి నీటిని ఇంకా లాక్కుంటుంది, బొబ్బ పెరుగుతుంది. అన్నిటినీ తెరిచి, మంచి నీళ్లతో వారం రోజులు పూటపూటా కడిగాం. వాసన పోయేదాకా కడగాలి. లోపల ఆ పులుపు మిగిలిపోతే పైన ఏది నింపినా మళ్లీ ఉబ్బుతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం. బోటు ఆరిందని చేత్తో తడిమి చెప్పలేం. అడుగు భాగంలో మూడుచోట్ల జానెడు జానెడు పారదర్శక పాలిథిన్ ముక్కలు పెట్టి, నాలుగు అంచులా టేపు గాలి చొరకుండా అంటించాను. మొదటిసారి మర్నాటికి మూడింటి లోపలా సన్నటి నీటి బిందువులు. తర్వాత పెట్టినప్పుడు రెండింటిలో. ఫిబ్రవరి 4న పెట్టినవి 24 గంటల తర్వాత మూడూ పొడిగా ఉన్నాయి. బామ్మర్దికి అప్పటికే టెన్షన్. చెరువులో నీళ్లు తగ్గే కాలం దగ్గరపడుతోంది, వలలు వేయాలి. నేను పాలిథిన్ చూపించి "ఈ చుక్కల మీద రంగేస్తే వచ్చే సంక్రాంతికి మళ్లా పెచ్చులు తెస్తవు" అన్నాను. ఆ మాట తర్వాత అతను తొందర పెట్టలేదు. రోజూ పొద్దున వచ్చి ముందు ఆ ముక్కలే చూసేవాడు.

బోటు అడుగున నడుమ వెన్నులా ఉండే గీర, గట్టు మీది మొరం మీద లాగీ లాగీ రెండు అడుగుల పొడవున అరిగి గ్లాస్ పోగులు బయటికి వచ్చాయి. అరిగినచోటు చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చేసి, గ్లాస్ క్లాత్, అంటే నేసిన గాజు గుడ్డ, మూడు పొరలు ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్‌తో వేశాను. ఇక్కడ చాలామంది గ్లాస్ మ్యాట్‌నే ఎపాక్సీతో తడుపుతారు, అది సరిగా కూర్చోదు. మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. నేసిన గుడ్డలో ఆ జిగురు గొడవ లేదు.

బొబ్బల గుంతలకు మా షాపులో రోజూ వాడే కారు లప్పం వాడలేదు. చేతికి అందేది అదే, పది నిమిషాల్లో గట్టిపడేది అదే. కానీ అది పాలిస్టర్, అందులో టాల్కం పొడి ఎక్కువ, నీళ్లలో నానే చోట కొద్దికొద్దిగా తేమ తాగుతుంది. నీటి గీతకు కింద ఉన్న ప్రతి గుంతనూ ఎపాక్సీ లప్పంతోనే నింపాను. ఒక్కో విడత ఆరడానికి ఒక రాత్రి పట్టింది, పట్టనిచ్చాను.

గ్రైండింగ్ రోజు ఒక మాట. గ్లాస్ పోగుల దుమ్ము ఒంటికి గుచ్చుకుంటే ఆ దురద రెండు రోజులు వదలదు. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర టేపు, పని కాగానే చన్నీళ్లతో స్నానం.  ఆ బట్టలు ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకకూడదు.

మైనం తీయడం

ఈ బోటు పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చూసేవాళ్లకు పనిలా కనపడనిది ఇదే. రుద్దే గరుకు పేపరు (సాండ్‌పేపరు) పట్టకముందే మైనం తుడవాలి. మైనం ఉండగానే రుద్దితే అది ఆ గీతల్లోకి దిగి కూర్చుంటుంది, అటుపైన తీయడం కష్టం. వ్యాక్స్ తీసే సాల్వెంట్‌లో తడిపిన బనియన్ గుడ్డ ఎడమ చేతిలో, పొడి గుడ్డ కుడి చేతిలో. తడి గుడ్డతో ఒక మూర మేర తుడిచి, అది ఆరేలోపు పొడి గుడ్డతో ఎత్తాలి. ఆరనిస్తే కరిగిన మైనం తిరిగి అక్కడే పరుచుకుంటుంది. రెండు మూడు మూరలకొకసారి గుడ్డ మార్చాలి. బయటికీ, తర్వాత బోటును తిప్పాక లోపలికీ కలిపి ఒక పెద్ద సంచెడు బనియన్ గుడ్డలు అయిపోయాయి. వాడిన గుడ్డలను కుప్పగా వదలకుండా విడివిడిగా ఆరేసి తర్వాత పారేశాం.

తుడిచాక నీళ్ల పరీక్ష. చెంబుతో నీళ్లు పోశాను. పక్క గోడ మీద నీరు దుప్పటి కప్పినట్టు ఒకే పొరగా జారింది, బాగుంది. బోటును తిప్పాక వెనక సీటు కింద పోస్తే తామరాకు మీద నీళ్లలా గుండ్లు గుండ్లుగా విడిపోయింది. అక్కడ మైనం ఇంకా ఉన్నట్టే. మళ్లీ తుడిచాం, మళ్లీ పోశాం. మూడోసారికి అక్కడా పరుచుకుంది. మా బామ్మర్ది ఆ చెంబు తీసుకుని బోటంతా తనే పోసుకుంటూ తిరిగాడు, మేము వదిలేసిన ఇంకో రెండు చోట్లు పట్టుకున్నాడు. ఒకటి ముక్కు దగ్గర తాడు కట్టే కొక్కెం కింద, ఇంకొకటి లంగరు రాయి పెట్టే మూల.

ఆపైనే పేపరు. బాగా గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టి, 120, తర్వాత సన్నటి 220 వాటర్ పేపరు. పొడి చేతికి అంటడం ఆగి, మెరుపంతా చచ్చి, అంతటా ఒకేలా మసగ్గా కనపడేదాకా రుద్దాం.

ప్రైమర్

బూడిద రంగు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, మధ్యలో ఒక రాత్రి. కలిపాక పావుగంట పక్కన పెట్టి అప్పుడు వాడాను, రెండు భాగాలూ ఒకదానితో ఒకటి కలవడానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి. బయటి వైపు వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. చేత్తో వేసినప్పుడు ఒక కోటుకు లీటరుకు కాస్త ఎక్కువ పట్టింది.

రెండో కోటు వేసిన మర్నాడు పొద్దున చెయ్యి పెడితే సబ్బు రాసినట్టు జారింది. చలి రాత్రుల్లో, తేమ గాలిలో ఎపాక్సీ గట్టిపడితే దాని మీద అలాంటి జిడ్డు పొర తేలుతుంది. అలవాటుగా చెయ్యి థిన్నర్ డబ్బా మీదికి పోతుంది, కానీ థిన్నర్ దాన్ని పులుముతుంది తప్ప తీయదు. ఆ జిడ్డు నీళ్లకు కరుగుతుంది. బకెట్ నీళ్లు, గిన్నెలు తోమే పచ్చటి స్క్రబ్బర్ తీసుకుని మొత్తం తోమి, కడిగి, ఆరాక 320తో రుద్దాం. ఈ కడుగుడు లేకుండా రుద్దితే పేపరు నిమిషానికొకసారి బంక పట్టి మూసుకుపోతుంది, పీయూ కూడా దాని మీద సరిగ్గా పట్టదు.

రంగు వేసిన గంటలు

పీయూ కొనడానికి వరంగల్‌లో ఆటోమొబైల్ పెయింట్లు అమ్మే షాపుకు వెళ్తే, కౌంటర్ దగ్గరి కుర్రాడు దానితోపాటు మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ చేతిలో పెట్టాడు, ధర తక్కువని. వద్దని పీయూ థిన్నరే తీసుకున్నాను. ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాల్ కలిసి ఉంటుంది. హార్డ్‌నర్‌లోని ఐసోసైనేట్ పెయింటుతో కలవాల్సింది పోయి ఆ ఆల్కహాల్‌తో కలిసిపోతుంది. రంగు ఆరినట్టే కనిపిస్తుంది కానీ ఎన్నాళ్లకూ గట్టిపడదు, గోరుకు దిగుతుంది. ఇంట్లో చేసేవాళ్ల పీయూ పాడవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

ఇక అసలు విషయం, పూట. మా వైపు ఫిబ్రవరిలో తెల్లవారుజామున మంచు పడుతుంది, మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది. కార్లకు వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో బోటు ఒంటి వేడిని గంట గంటకూ చూశాను. పొద్దున 7కు 17 డిగ్రీలు, చెయ్యి పెడితే తడి. 9కి 24. పదకొండున్నరకు నీడలోనే 33. షేడ్ నెట్ కప్పని ముక్కు భాగం ఒంటిగంటకు 50 దాటింది. 24 దగ్గర రంగు వేస్తే రోలరు గుర్తులు తమంతట తామే సర్దుకునే సమయం ఉంటుంది. 33 దగ్గర బ్రష్షు తిరిగి వచ్చేలోపే పొర బిగుసుకుంటుంది, బ్రష్షు గీతలు అలాగే నిలిచిపోతాయి. కాబట్టి మాకు దొరికింది రోజుకు రెండున్నర గంటలు. పొద్దున 9 నుంచి పదకొండున్నర వరకు.

9 అనేది కూడా గడియారం చూసి పెట్టుకున్నది కాదు. తడి గుడ్డతో బోటు మీద ఒక గీత తుడిచి చూసేవాళ్లం. ఆ తడి పావుగంటలోపు ఆరిపోతే రంగు పట్టొచ్చు, ఆరకపోతే గాలిలో తేమ ఇంకా ఎక్కువే. ఒక రోజు మబ్బు పట్టి పది దాటినా ఆరలేదు. ఆ రోజు డబ్బా మూత తీయలేదు.

వాకిట్లో వేపచెట్టు ఉంది. మాఘమాసం, ఆకు రాలే కాలం. చెట్టు కింద నుంచి బోటును పది అడుగులు జరిపి, పైన షేడ్ నెట్, దాని మీద పాత చీరలు కుట్టి కప్పాం. దుమ్ము లేవకుండా ముందు రోజు సాయంత్రమే వాకిలంతా నీళ్లు చల్లాం. రంగు వేసే పొద్దున మాత్రం చల్లలేదు, ఆ తేమ పీయూకు పడదు. హార్డ్‌నర్ నీటితో కలిస్తే గ్యాస్ పుడుతుంది, రంగులో సన్న బుడగలు లేస్తాయి.

పెయింటు నాలుగు వంతులకు హార్డ్‌నర్ ఒక వంతు, డబ్బా మీద ఉన్న లెక్క. కొలత గీతలున్న కప్పులో 240 మిల్లీలీటర్లకు 60 పోసి, అంతే కలిపాం, అంతకు మించి ఒకేసారి కలపలేదు. పొద్దున 9కి కలిపిన కప్పులో 15 మిల్లీలీటర్ల థిన్నర్ చాలింది. పదిన్నరకు కలిపినదానికి 30 కావలసి వచ్చింది. హార్డ్‌నర్ మాత్రం ఎప్పుడూ మార్చలేదు. త్వరగా గట్టిపడాలని ఇంకాస్త పోస్తే రంగు పెళుసవుతుంది, తగ్గిస్తే మెత్తగా మిగులుతుంది.

మొదట తెచ్చిన పసుపు ఫోమ్ రోలరు పది నిమిషాల్లో ఉబ్బి గొట్టం నుంచి ఊడొచ్చింది, థిన్నర్‌కు ఫోమ్ ఆగదు. నాలుగు అంగుళాల మొహైర్ (పొట్టి నూగు ఉండే) రోలరు తెచ్చాను. బ్రష్షు మూడు అంగుళాలది, వాడే ముందు దాని వెంట్రుకల చుట్టూ మాస్కింగ్ టేపు చుట్టి రెండు మూడుసార్లు లాగాను. ఊడిపోయేవన్నీ టేపుకే అంటుకు వచ్చాయి.

పని ఇద్దరు చేయాల్సిందే. రోలరు నాది, బ్రష్షు మా ఆవిడది. నేను అడుగున్నర వెడల్పు పట్టీలో పైనుంచి కిందికి, తర్వాత అడ్డంగా పల్చగా పరుస్తాను. నేను పక్క పట్టీకి వెళ్లేలోపు ఆమె పొడి బ్రష్షు కొనతో పొడవునా ఒక్కసారి దువ్వుతుంది. బ్రష్షును కొత్త పట్టీ నుంచి మొదలుపెట్టి పాత పట్టీలోకి తెచ్చి, చేతి ఊపు ఆగకుండానే విమానం లేచినట్టు పైకి లేపాలి. ఆపి లేపితే అక్కడ గాటు మిగులుతుంది. నేను మొదటి రోజు ఒక గజం మేర ఈ పని చేసి చూశాను. గన్ ట్రిగ్గర్‌కు అలవాటు పడిన వేళ్లు, తెలియకుండానే నొక్కుతున్నాను, వెంట్రుకలు వంగి గీతలు పడ్డాయి. ఆమె బ్రష్షు వంగలేదు. రంగు మీద బ్రష్షు ఉందా లేదా అన్నంత తేలిగ్గా పట్టింది. వెనక్కి వెళ్లి చూసుకుని "ఇక్కడ ఎంట్రుక పడ్డది, మంచిగ చేద్దాం" అనడం ఒక్కసారి జరిగింది. వద్దన్నాను. నాలుగు నిమిషాలు దాటిన రంగును ముట్టుకుంటే ఉన్న మచ్చకు రెండింతలవుతుంది. ఆరాక రుద్ది తీయడమే దారి.

రెండో కోటులో నేను చేసిన తప్పు

లేత నీలం మొదటి కోటు ఫిబ్రవరి 15న బాగా వచ్చింది. 16న పదకొండున్నరకు ఎడమ వైపు ముందు భాగం ఒక నాలుగు అడుగులు మిగిలిపోయింది. వేడి ఎక్కిందని ఆపాం, అది సరైనదే. కానీ ఆ ముక్కను మర్నాటికి వదలకుండా, ఎండ తగ్గాక పావు తక్కువ ఐదుకు మొదలుపెట్టి ఐదున్నరకు పూర్తిచేశాను. అప్పుడు అద్దంలా మెరిసింది. తెల్లారి లేచి చూస్తే ఆ నాలుగు అడుగులూ, అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసకబారి ఉన్నాయి. రంగు పైపొర గట్టిపడకముందే మంచు దిగింది. సాయంత్రం గాలి హాయిగా ఉంటే రంగుకూ హాయే అనుకున్నాను. ఎండ దిగాక ఫైబర్ ఎంత త్వరగా చల్లబడుతుందో, దాని మీద ఎంత ముందుగా చెమ్మ పడుతుందో లెక్కలోకి తీసుకోలేదు. నాలుగు గంటల తర్వాత రంగు కప్పు కలపకూడదన్న నియమం ఆ రోజు నుంచే పెట్టుకున్నాను.

ఆ భాగాన్ని రెండు రోజులు గట్టిపడనిచ్చి, 400 వాటర్ పేపరుతో రుద్ది, 19న పొద్దున మళ్లీ వేశాం. మూడో కోటు మొత్తానికి 20న వేశాం. అంతకు ముందు కోటు వేసి 24 గంటలు దాటినచోటల్లా పేపరుతో రుద్దే వేశాం. రుద్దకపోతే కొత్త పొర పాతదాని మీద ఊరికే ఆనుకుని ఉంటుంది.

లోపలి వైపు

26న బోటును తిప్పాం. టైర్ల మీద నేరుగా పెడితే నల్ల రబ్బరు కొత్త రంగును మరక చేస్తుంది, అది తుడిస్తే పోదు. పాత బొంతలు మడిచి, వాటి మీద శుభ్రమైన చాపలు వేసి దించాం.

లోపలికి తెల్ల రంగు అడిగారు. తెలుపైతే మధ్యాహ్నం ఎండలో నీటి మీద కళ్లు చెదురుతాయి, ముదురు రంగైతే వట్టి పాదం ఆనించలేరు. లేత బూడిద రంగు వేశాం. నిలబడి వల లాగే నడిమి పట్టీకి ఇసుక కలిపాం. ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టి, పిండి జల్లెడలో జల్లించాను. రెండో కోటు తడిగా ఉండగానే, ముగ్గు వేసేటప్పుడు వేళ్ల సందుల్లోంచి పొడి వదిలినట్టు మా ఆవిడ దాన్ని చల్లింది. ఒకచోట దట్టం, ఒకచోట పలుచన కాకుండా రావడానికి చెయ్యి నడుము ఎత్తున ఉండాలి. మర్నాడు అంటుకోని ఇసుకను చీపురుతో ఊడ్చి, మీద ఇంకో కోటు వేశాం. ఆ కోటు లేకపోతే ఇసుక గరుకు మోకాళ్లను గీరుతుంది, వలను తెంపుతుంది.

అడుగుకు నాచు పట్టకుండా సముద్రపు పడవలకు వేసే రాగి మందు కలిసిన రంగు వేయొచ్చు కదా అని ఒకరు అడిగారు. ఈ బోటును వాళ్లు పని కాగానే గట్టు మీదికి లాగేస్తారు, నాచు పట్టేంత కాలం నీళ్లలో ఉండదు. అవసరమున్నా తాగునీటి చెరువులో నేను వేయను.

ముక్కు మీద సంఘం పేరు, నంబరు, గంగమ్మ తల్లి పేరు ఒక బోర్డులు రాసే ఆయన చేత్తో రాశారు. వారం రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మార్చి 10న కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు.

ఏడాది తర్వాత

ఈ సంక్రాంతికి అత్తగారింటికి వెళ్లినప్పుడు బోటును బోర్లించి చూశాను. బయటి గోడలు తడిమితే చేతికి పొడి అంటలేదు. సీట్ల కింద, మైనం మొండికేసిన ఆ మూలల్లో గోరుతో గట్టిగా గీరి చూశాను, రంగు లేవలేదు. మసకబారి మళ్లీ వేసిన నాలుగు అడుగులు ఎక్కడివో నేను చెబితే తప్ప తెలియడం లేదు. బొబ్బలు కొత్తవి రెండు వచ్చాయి, పాతవి పూడ్చిన చోట కాదు, వాటి పక్కన. అవి ఇంకా చిన్నవి, ఈ ఎండాకాలం తర్వాత తెరవాలి.

నిలవనిది గీర. మొరం మీద లాగడం వాళ్లు మానలేదు, మానలేరు కూడా. నీలం అరిగి బూడిద ప్రైమర్ అడుగున్నర పొడవున కనిపిస్తోంది, దాని కిందికి మాత్రం దిగలేదు. ప్రైమర్‌కూ రంగుకూ వేరు వేరు రంగులు పెట్టుకోవడం ఇలా పనికొచ్చింది, ఎంత లోతుకు అరిగిందో చూపుకే తెలిసిపోతుంది. గట్టు దగ్గర నాలుగు నీలగిరి బొంగులు అడ్డంగా పరిచి వాటి మీద దొర్లించమన్నాను. బొంగులు తెచ్చారు, పరిచారు. ఇసుక చల్లిన పట్టీలో వల లాగే మనిషి కుడికాలు ఆనే చోటు నున్నబడింది, అరచెయ్యంత.

ముక్కు దగ్గర లంగరు రాయి తగిలి రెండు చోట్ల పెచ్చు లేచింది. వాటి అంచులను వేలితో తడిమితే బిగువుగానే ఉన్నాయి, దెబ్బ తగిలిన మేరకే పోయింది. రాయికి పాత ట్యూబు చుట్టించాను. వచ్చే ఆదివారం పొద్దున ఆ రెండూ రుద్ది, ప్రైమర్ పెట్టి, రంగు వేయాలి. నీలం పెయింటు అర లీటరు మిగిలి ఉంది, బాగానే ఉంది. హార్డ్‌నర్ డబ్బా తెరిస్తే మూత చుట్టూ తెల్లటి పలుకులు కట్టాయి, తేమ తాగింది. చిన్న డబ్బా ఒకటి కొత్తది కొనాలి.